బిడ్డ కొరకు పాఠము నేర్చిన కుటుంబము

ధ్యాన భాగము: మార్కు 7:24–30



తూరు ప్రాంతములో ఒక తల్లి ప్రభువు పాదములయొద్ద పడినది. ఆమె యూదురాలు కాదు. ఇంటిలో చిన్న కుమార్తె బాధపడుచున్నది. ఈ సంగతినే మత్తయి 15వ అధ్యాయములో వ్రాయుచు మరియొక మాట చేర్చినాడు. ఆమె కేకలు శిష్యులకు విసుగు పుట్టించినవి. ఆమెను పంపివేయుమని వారు ప్రభువును అడిగిరి. ఈ మాటయొద్ద మేము ప్రతిసారి ఆగుదుము. బిడ్డ కొరకు తల్లి చేసిన శబ్దము, ప్రభువుతో కూడ నడచుచున్న వారికే భారమైనది.

ఈ భాగములోనే బల్ల క్రింది కుక్కపిల్లల మాట వచ్చును. గ్రీకు మూలములోని పదము కుక్క అను పేరునకు చిన్నరూపము. ఇంటిలో పిల్లల కాళ్లయొద్ద తిరుగు చిన్న కుక్క అని అనేకులు దానికి అర్థము చెప్పుదురు. బైబిలులో కుక్కకు మంచిపేరు తక్కువ. మన యిండ్లలోను అది తిట్టుమాటయే గదా! అయినను లూకా 16వ అధ్యాయములో లాజరు దగ్గరకు వచ్చినది ఎవరు? ధనవంతుని ఇంటివారు వచ్చినట్లు వ్రాయబడలేదు, కుక్కలే వచ్చినవి.

మొదటి ప్రపంచ యుద్ధములో చూపు పోగొట్టుకొనిన సైనికులకు దారి చూపుటకై 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో కుక్కలకు శిక్షణ ఇచ్చు పాఠశాల తెరచిరి. తరువాత కాలములో ఈ పని గ్రుడ్డివారితో ఆగలేదు. అమెరికా దేశములో కారెన్ షర్క్ అను స్త్రీకి కండరములు బలహీనమగు జబ్బు వచ్చి, ఊపిరికి వెంటిలేటరు కావలసివచ్చినది. సహాయము చేయు కుక్క కొరకు ఆమె అడుగగా, నీ స్థితి మరీ కష్టమైనది, ఇవ్వజాలమనిరి. కడకు తానే ఒక కుక్కను సంపాదించుకొని, 1998లో ఒహాయో రాష్ట్రములో ఒక సంస్థను స్థాపించెను. ఇతరులు కాదన్న పిల్లలకు, అనగా ఆటిజము, మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ వంటివి గల పిల్లలకు, అక్కడ కుక్కలను సిద్ధపరచి ఇచ్చుచున్నారు. త్రోసివేయబడినవారే తలుపు తెరచుట లేఖనములలో మనకు క్రొత్త కాదు.

ఇట్టి కుక్క కుటుంబమునకు చేరు విధము వినుడి. పిల్లగా ఉన్నప్పుడు దానిని స్వచ్ఛందముగా పెంచువారు కొందరు. ఆ రాష్ట్రములోని చెరసాలలలో ఖైదీలు కూడ కొన్నిటిని పెంచి, మొదటి పాఠములు నేర్పుదురు. తప్పిపోయిన బిడ్డను వాసన పట్టి వెదకుట, బిడ్డ కలతచెంది తల కొట్టుకొనుచుండగా దగ్గరకు పోయి ఒడిలో తల పెట్టుట, ఇట్టివి నేర్పింతురు. కొట్టి కాదు, చేసిన ప్రతి మంచి పనికి చిన్న తినుబండారము పెట్టి, సంతోషముగా మెచ్చుకొని నేర్పుదురు. ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు ఇది మిక్కిలి నచ్చినది. బెత్తము పట్టిన బడులను మేము చాల చూచితిమి.

అంతటితో పని ముగియదు. కుటుంబమంతయు అక్కడికి వెళ్లి సుమారు రెండు వారములు తరగతిలో కూర్చుండవలెను. కుక్కకు పాఠము ముందే వచ్చును, రానిది తల్లిదండ్రులకే. ఏ మాట ఏ స్వరముతో చెప్పవలెనో, పగ్గము ఎట్లు పట్టవలెనో, అంగడిలో జనుల మధ్య బిడ్డను, కుక్కను ఒకేసారి ఎట్లు కనిపెట్టవలెనో దినదినము అభ్యసింతురు. పరుగెత్తిపోవు బిడ్డ అయితే, బిడ్డ నడుము పట్టీని కుక్క తొడుగుకు త్రాడుతో కలుపుదురు. బిడ్డ లాగినప్పుడు కుక్క కదలక నిలువవలెను. ఆజ్ఞ ఇచ్చునది మాత్రము పెద్దవారే. బిడ్డను మార్చుటకు వెళ్లినామనుకొనిన తండ్రి, మొదట తన గొంతు మార్చుకొనుట నేర్చుకొనును.

కుటుంబము నేర్చుకొనిన తరువాత సమాజము ఏమి చేయును? మిషిగన్ రాష్ట్రములో ఫ్రై అను కుటుంబపు కుమార్తెకు తీవ్రమైన సెరిబ్రల్ పాల్సీ. ఐదేండ్ల వయసులో ఆమెకు వండర్ అను కుక్క వచ్చినది. పడిన వస్తువు తీసియిచ్చుట, తలుపు తెరచుట, దీపము వేయుట, నడక సాధనము పట్టి నడచునప్పుడు ఒరగకుండ నిలుచుట దాని పనులు. నెపోలియన్ అను ఊరి పాఠశాల, బిడ్డకు తోడుగా మనిషిని ఇచ్చితిమి గనుక కుక్క అక్కరలేదన్నది. 2010లో కొంతకాలము పరీక్షార్థము రానిచ్చిరి గాని, దానిని గది వెనుక బిడ్డకు దూరముగా కూర్చుండబెట్టిరి. సహాయము గదిలోనే యున్నది, బిడ్డ దగ్గర లేదు! తల్లిదండ్రులు బిడ్డను బడి మాన్పించి ఇంటియొద్ద చదివించిరి, తరువాత ఆదరించిన వేరొక బడిలో చేర్చిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయినది. బిడ్డకు తగిన చదువు చెప్పలేదన్నది ఫిర్యాదు కానియెడల, ప్రత్యేక విద్యా చట్టపు విచారణలన్నియు ముగించిన తరువాతనే కోర్టుకు రావలెనన్న నిర్బంధము లేదని 2017 ఫిబ్రవరిలో న్యాయమూర్తులు ఎనమండుగురును తీర్పు చెప్పి, కేసును క్రింది కోర్టుకు తిరిగి పంపిరి.

ఐదేండ్లు అనగానే మెఫీబోషెతు మాకు జ్ఞాపకము వచ్చును. ఆ వయసులోనే దాది చేతిలోనుండి పడి అతని కాళ్లు కుంటివాయెను (2 సమూయేలు 4:4). దావీదు అతనిని లోదెబారునుండి పిలిపించి, ప్రతిదినము రాజు బల్లయొద్దనే కూర్చుండబెట్టెను గాని, భోజనము మాత్రము ఇంటికి పంపి ఊరకుండలేదు.

మన సంఘములలో ఇట్టి పిల్లలు లేరా? చెన్నైలోను, బెంగళూరులోను, షోలాపూరులోను, బరంపురములోను, యానాములోను మనవారి యిండ్లలో ఉన్నారు. ఆరాధనలో బిడ్డ అరచినందున పదిమంది తిరిగి చూచిరి, మరుసటి ఆదివారము నుండి తల్లి రాలేదు. ఎవరి పాపమో అని గుసగుసలాడువారు యోహాను 9వ అధ్యాయములో ప్రభువు ఇచ్చిన జవాబు చదువవలెను. అమెరికాలోవలె కుక్కలను తెప్పించుకొనుడని మేము చెప్పుట లేదు. అది మన యిండ్లకు మించిన ఖర్చు. ఆ రెండు వారముల తరగతి మాత్రము సంఘమునకు కావలెను.

మన దేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధములైన లోపములను గుర్తించినది. ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ అందులో ఉన్నవి. బిడ్డకు ప్రభుత్వ ధ్రువపత్రము లేనిచో, సంఘపు యువకుడొకడు తండ్రితో కూడ ఆసుపత్రికి పోయి తెప్పించవలెను, ఏలయనగా మరాఠీయో, తమిళమో, కన్నడమో చదువలేక వెనుదిరిగినవారు మనలో ఉన్నారు. చెన్నై దగ్గర ముట్టుకాడులో బహువిధ లోపములు గల పిల్లల కొరకు కేంద్ర ప్రభుత్వ సంస్థ యున్నది. మైసూరులో మాటకు, వినికిడికి సంబంధించిన సంస్థ 1965 నుండి నడచుచున్నది. తెలుగులోనే మాటలాడువారు కావలెనన్నచో సికింద్రాబాదులో మనోవికాస్ నగర్ ఉన్నది.

వచ్చు ఆదివారము అట్టి తల్లి మన ఆరాధనకు వచ్చినయెడల, పాట ఆపకుడి, వెనుకకు తిరిగి చూడకుడి. తలుపు దగ్గర కాక మధ్య వరుసలో చోటిచ్చి, ఆమె పాటల పుస్తకము రెండు చేతులతో పట్టుకొనునట్లు ఒకరు బిడ్డ ప్రక్కన కూర్చుండుడి.