తెలియదని చెప్పే ధైర్యం



మీ బిడ్డకు పాఠం చెప్పే టీచరుగారు "ఇది నాకు తెలియదు, కనుక్కొని రేపు చెబుతాను" అంటే మీకేమనిపిస్తుంది? ఆమె మీద గౌరవం తగ్గుతుందా, పెరుగుతుందా?

మన విచారణకు చెందిన ఒక యువ ఉపాధ్యాయిని ఈమధ్య నాతో ఒక సంగతి చెప్పారు. ఆమె నాలుగో తరగతికి భిన్నాలు బోధిస్తున్నారు. మూడోవంతు పెద్దదా, నాలుగోవంతు పెద్దదా అని అడిగితే సగంమంది పిల్లలు నాలుగోవంతే పెద్దదన్నారు. మూడు కంటే నాలుగు పెద్దది కదా! ఎంత చెప్పినా వారికి ఎక్కలేదు. ఆ రాత్రి ఆమె లెక్కల టీచర్ల వాట్సాప్ గ్రూపులో తన ఇబ్బంది రాశారు. తెల్లవారేసరికి ఆదిలాబాదు నుండి, శ్రీకాకుళం నుండి జవాబులు వచ్చాయి. "సమానమైన రొట్టెలు రెండు తీసుకోండి. ఒకదాన్ని మూడు, మరొకదాన్ని నాలుగు సమభాగాలు చేయండి. ఆకలేసినప్పుడు ఏ ముక్క తీసుకుంటావని అడగండి" అని ఒకరు రాశారు. మర్నాడు పిల్లలకు విషయం బోధపడింది.

ఇది సంతోషించదగిన మార్పు. పూర్వం మారుమూల ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేసే పంతులుగారికి సందేహం వస్తే అడగడానికి తోడు ఉండేది కాదు. ఇరుగుపొరుగు బడులు ఒకదానికొకటి సాయపడాలని 1964-66 నాటి కొఠారీ కమిషన్ స్కూల్ కాంప్లెక్సులను సూచించింది. 2017లో ప్రారంభమైన దీక్ష వేదిక పాఠ్య సామగ్రిని, శిక్షణను ఫోనులోకే తెచ్చింది. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు ఇలాంటి పరిచయాలే ఎందరో టీచర్లకు ఆసరా అయ్యాయి.

కానీ ఆ ఉపాధ్యాయిని చెప్పిన సంగతి అంతటితో ముగియలేదు. పక్క గదిలో, వచ్చే ఏడాది పదవీ విరమణ చేయబోయే పెద్ద టీచరుగారు ఉన్నారు. రొట్టెల పాఠం గురించి విని ఆమె నవ్వారట. "ఇరవై ఏళ్లుగా నేను కాగితపు పట్టీలతో చెబుతున్నానమ్మా. రొట్టె సమానంగా తెగదు. పట్టీ అయితే పిల్లలే కొలిచి మడుస్తారు. ఒక్కమాట అడిగితే చెప్పేదాన్ని కదా!"

ఎందుకు అడగలేదు? ముఖం తెలియనివారి ముందు "నాకు తెలియదు" అనడం తేలిక. రోజూ కలిసి భోజనం చేసేవారి ముందు అదే మాటకు నోరు రాదు. దూరాన చూపే వినయానికి ఖరీదు తక్కువ. అడిగేవారు లేక, ఆ పెద్దావిడ ఇరవై ఏళ్ల అనుభవం ఆమెతోపాటే బడి గడప దాటిపోయేది.

పునీత అగుస్తీను సుమారు 389లో తన కుమారునితో సంభాషణగా 'ఉపాధ్యాయుడు' అనే గ్రంథం రాశారు. మాటలు విన్నంత మాత్రాన జ్ఞానం రాదని, విన్నవాడు తన లోపల సత్యాన్ని పరికించి చూసుకోవాలని అందులోని సారాంశం. ఫోనుకు వచ్చిన సలహా కూడా అంతే. వందమందికి పంపినంతలో అది మనది కాదు. తరగతిలో పరీక్షించి, ఫలించిందో లేదో తిరిగి చెప్పినప్పుడే తీసుకున్న అప్పు తీరుతుంది.

కాబట్టి ఉపాధ్యాయులారా, దూరాన ఉన్నవారిని తప్పక అడగండి, పక్క గది తలుపు కూడా తట్టండి. తల్లిదండ్రులారా, మీ మాట కూడా ఇందులో ఉంది. తెలియదన్న టీచరును మనం ఇంట్లో ఎగతాళి చేస్తే, రేపటి నుండి ఆమె తెలిసినట్టు నటిస్తుంది. నష్టపోయేది మన బిడ్డే. "కనుక్కొని చెబుతాను" అన్న టీచరు దగ్గర మీ బిడ్డ లెక్క కంటే పెద్ద పాఠమే నేర్చుకుంటున్నాడని గ్రహించండి.