రికీ విలియమ్స్ వదిలి వెళ్లిందేమిటి?

2004 వేసవి. అమెరికన్ ఫుట్‌బాల్ కొత్త సీజన్ ముంగిట, మయామీ డాల్ఫిన్స్ ప్రధాన ఆటగాడు రికీ విలియమ్స్ ఇక ఆడనన్నాడు. వయసు 27. రెండేళ్ల ముందే ఒక్క సీజన్‌లో బంతితో 1,853 గజాలు పరుగెత్తి లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. 1999లో న్యూ ఆర్లియన్స్ సెయింట్స్ జట్టు ఇతనొక్కడి కోసం కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఆ ఏటి డ్రాఫ్ట్ అవకాశాలన్నీ ధారపోసింది. ఒక్క కుర్రాడి మీద ఎంత ఆశ! నలుగురిలోకి వెళ్లాలంటేనే భయపడే మానసిక సమస్య తనకుందని అతనే బయటికి చెప్పాడు.

ఆట వదిలాక ఆస్ట్రేలియాలో గుడారంలో బతికాడు. కాలిఫోర్నియాలో ఆయుర్వేదం చదివాడు. గంజాయి పరీక్షల్లో పట్టుబడ్డాడన్నదీ నిజమే.

ఇది వైరాగ్యమా, పలాయనమా?

కురుక్షేత్రంలో అర్జునుడూ ఈ యుద్ధం కంటే బిచ్చమెత్తుకోవడం మేలన్నాడు. కృష్ణుడు ఒప్పుకోలేదు. శరీరానికి కష్టమని కర్మను విడిచిపెడితే అది రాజస త్యాగమనీ, దానికి ఫలం దక్కదనీ గీత 18వ అధ్యాయం చెబుతుంది. ఈ కొలతతో రికీని తప్పుపట్టడం తేలిక. అతను లేని సీజన్‌లో డాల్ఫిన్స్ 16 ఆటల్లో 12 ఓడింది. నమ్ముకున్న సహచరులకు జరిగిన నష్టం చిన్నదేమీ కాదు. అయితే పరధర్మం కంటే, లోపమున్నా స్వధర్మమే మేలన్నదీ ఆ గీతే. కుర్రవాడి స్వధర్మాన్ని ఎవరు తేల్చాలి? కోచా, అభిమానులా, ఒప్పంద పత్రమా? అంతా బోధించిన కృష్ణుడు కూడా చివరికి, ఆలోచించుకుని నీకు తోచినట్టు చేయమనే అర్జునుడికి వదిలేశాడు. ఆ పాటి వెసులుబాటు మన కాలపు ఆటగాళ్లకు దక్కడం లేదు.

2005లో రికీ తిరిగొచ్చాడు. 2009లో, 32 ఏళ్ల వయసులో, మళ్లీ వెయ్యి గజాలు దాటాడు.