గుర్రం మూడు విధాలు, మరి మన కారు?

జుమా నమాజు తర్వాత మసీదు మెట్ల దగ్గర ఒక సోదరుడు మమ్మల్ని ఆపి నోటుబుక్కు చూపించారు. ఆయనకు కుటుంబం కోసం ఒక సెడాన్ కారు కొనాలని ఉంది. ఇంట్లో మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లి, ముగ్గురు పిల్లలు. నాలుగు కార్ల పేర్లు, ఒక్కొక్కటి లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు నడుస్తుందో శ్రద్ధగా రాసుకున్నారు. "వీటిలో దుబారా లేనిది ఏది భాయ్?" అని అడిగారు. మాటల మధ్యలో తెలిసింది, కారును వడ్డీ అప్పుతో కొనబోతున్నారని. ఆ వడ్డీకి మాత్రం నోటుబుక్కులో చోటు లేదు.

ఈ పరిస్థితి ఆయన ఒక్కరిదే కాదు. అందుకే ఈ విషయాన్ని ధార్మిక దృష్టితో పరిశీలిద్దాం.

సౌకర్యాన్ని ఇస్లాం నిషేధించలేదు. గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీకోసం, శోభకోసం సృష్టించానని, మనిషి ఎరుగని వాటిని కూడా సృష్టిస్తానని అల్లాహ్ అన్‌నహ్ల్ సూరా 8వ ఆయతులో తెలియజేశాడు. మంచి వాహనం మనిషి సౌభాగ్యాలలో ఒకటని దైవప్రవక్త (స) చెప్పినట్లు హదీసు ఉంది. కనుక తల్లిని సుఖంగా ఆసుపత్రికి తీసుకువెళ్లాలని కోరుకోవడం తప్పు కాదు. అది పుణ్యకార్యం.

అయితే హద్దు ఎక్కడ? సహీహ్ బుఖారీలోని ఒక హదీసు ఇందుకు చక్కని కొలబద్ద. గుర్రం ఒకరికి పుణ్యం, మరొకరికి రక్షణ, ఇంకొకరికి పాపభారం అని దైవప్రవక్త (స) వివరించారు. దైవమార్గంలో వినియోగించేవానికి అది పుణ్యం. ఇతరుల ముందు చేయి చాచకుండా బ్రతకడానికి పెంచుకుని, దానిపై అల్లాహ్ హక్కును మరువనివానికి అది రక్షణ. గర్వంతో, ప్రదర్శన కోసం కట్టుకున్నవానికి అది భారం. గుర్రం అదే. మారినదల్లా యజమాని ఉద్దేశం, అతని నడవడి.

ఇప్పుడు ఆ సోదరుని నోటుబుక్కును తెరుద్దాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరుగుతామనుకుందాం. లెక్క సులువుగా ఉండేందుకు లీటరు పెట్రోలు 100 రూపాయలు అనుకుందాం. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 800 లీటర్లు, అంటే 80,000 రూపాయలు. 20 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 600 లీటర్లు, అంటే 60,000 రూపాయలు. ఏడాదికి 20,000, ఏడేళ్లకు 1,40,000 రూపాయల తేడా. ఇది చిన్న మొత్తం కాదు. కంపెనీ ప్రకటించే మైలేజీ పరీక్షా పరిస్థితులలో వచ్చినది. ట్రాఫిక్‌లో, ఏసీ వేసుకుని నడిపితే అంత రాదు.

ఇక అప్పు సంగతి. 8 లక్షల రూపాయలను 9 శాతం వడ్డీకి ఏడేళ్ల కాలానికి తీసుకుంటే నెలకు సుమారు 12,870 రూపాయలు కట్టాలి. మొత్తం మీద వడ్డీయే దాదాపు 2,81,000 రూపాయలు! మైలేజీ చూసి మిగుల్చుకున్న దానికి రెండింతలు వడ్డీ కింద పోతోంది. ఇది ప్రాపంచిక నష్టం మాత్రమే. వడ్డీ తినేవానితో పాటు తినిపించేవాణ్ణి, దాన్ని రాసేవాణ్ణి, సాక్షులను కూడా దైవప్రవక్త (స) శపించారని సహీహ్ ముస్లింలో ఉంది. పెట్రోలు చుక్కను లెక్కించే మనం దీన్ని లెక్కించకపోవడం ఎంత విచారకరం!

ఖర్చు ఇంతటితో ఆగదు. లైఫ్ ట్యాక్స్, చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా, సర్వీసింగు, టైర్లు, బ్యాటరీ ఉన్నాయి. బీమా లెక్కల ప్రకారం ఐదో ఏడు నిండేసరికి కారు విలువ సగానికి పడిపోతుంది. అప్పు మాత్రం ఇంకా రెండేళ్లు మిగిలే ఉంటుంది.

"మరి మావంటి వారు కారు ఎక్కకూడదా?" అని ఆ సోదరుడు నొచ్చుకున్నారు. ఎక్కవచ్చు. అదే 12,870 రూపాయలను నెలనెలా పొదుపు చేస్తే మూడున్నర ఏళ్లలో 5,40,000 రూపాయలు చేతికి వస్తాయి. దానితో వడ్డీ లేకుండా, ఒకరు వాడిన మంచి కారు కొనుక్కోవచ్చు. కొన్నాక టైర్లలో గాలి సరిచూసుకోవడం, ఆగి ఉన్నప్పుడు ఇంజను ఆపడం, అనవసర వేగం మానడం కూడా దుబారాను నివారించే మార్గాలే. ప్రవహించే నది ఒడ్డున ఉన్నా వుజూ నీటిని వృథా చేయరాదన్న హితవు మనకు ఉంది కదా.

ఆయన అసలు ప్రశ్న అప్పుడు బయటికి వచ్చింది: "మూడున్నరేళ్లు అమ్మ ఎలా ఆసుపత్రికి వెళ్తుంది?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ఆయన కాదు, కారున్న మనం. అదనపు వాహనం ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) ఆదేశించగా, ఉన్నది మిగుల్చుకునే హక్కే తమకు లేదేమోనని సహాబాలు భావించారని సహీహ్ ముస్లిం చెబుతోంది. మన వీధిలో ఇంటి ముందు వారమంతా కదలకుండా నిలిచిన కార్లు ఎన్ని? వాటిలో ఖాళీగా తిరిగే సీట్లు ఎన్ని? పొరుగున ఒక వృద్ధురాలు ఆటో కోసం ఎండలో నిలబడితే మన కారు పుణ్యమా, రక్షణా, భారమా? పెళ్లిలో అమ్మాయి తండ్రిని పీడించి తెచ్చుకున్న కారు గురించి ఇక అడగనే అక్కరలేదు.

ప్రళయ దినాన ధనం గురించి ఎలా సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు అని రెండు ప్రశ్నలు ఎదురవుతాయని హదీసు హెచ్చరిస్తోంది. కారు కొనే ముందు ఈ రెండూ నోటుబుక్కులో మొదటి వరుసలో రాసుకోవాలి.

ఆ సోదరుడు ఆ రోజు ఏ నిర్ణయమూ చెప్పలేదు. తర్వాతి వారం ఆయన తల్లిని ఆసుపత్రికి తీసుకువెళ్లింది మాత్రం మసీదులో ఆయన పక్కన నమాజు చేసే ఒక నమాజీ కారే.

మన వాహనాలను మనకు భారం కానివ్వకుండా, పుణ్యానికి సాధనాలుగా చేసుకునే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.