తెలుసా, నమ్మకమా?

వరంగల్లు వెళ్లినవాళ్లు వేయిస్తంభాల గుడిలో స్తంభాలు లెక్కపెట్టకుండా రారు. మనిషికి లెక్కపెట్టడం అలాంటి జబ్బు మరి! ఆ గుడి వెలిసింది 1163లో. రామప్ప గుడి 1213లో. తమాషా ఏమిటంటే రెండూ ప్రధాన సంఖ్యలే. అంటే 1తోనూ, తమతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోవు. ఇంకేం, కాకతీయులకు గణిత రహస్యమేదో తెలుసని చెప్పేవాళ్లు రేపే బయల్దేరతారు. కాని వాళ్లు శాసనాల్లో వేయించింది శకసంవత్సరాలండీ! ఆ లెక్కన అవి 1084, 1135. మొదటిది సరిసంఖ్య, రెండోది 5తో పోతుంది. రహస్యం కాస్తా ఆవిరి!

ఇది తేలిగ్గానే తేలింది. తేలనిది ఇంకొకటుంది. 1151, 1153 రెండూ ప్రధాన సంఖ్యలే. రెండే తేడా గనుక కవలలంటారు. ఆ తర్వాత 1163 దాకా ఒక్కటీ లేదు. ముందుకు పోయేకొద్దీ ఎంత పెద్ద ఎడం కావాలన్నా దొరుకుతుందని రుజువుంది. మరి కవలలో? ఎక్కడో ఆగిపోతాయా, అంతులేకుండా వస్తూనే ఉంటాయా? ఎవరికీ తెలీదు. కంప్యూటర్లు కోట్ల జంటలు చూపించినా గణితజ్ఞులు 'చాలదు' అంటారు. ఒకప్పుడు సరైన ఉద్యోగం దొరక్క శాండ్‌విచ్ దుకాణంలో పనిచేసిన ఝాంగ్ యీతాంగ్, తేడా 7 కోట్లకు మించని జంటలు అనంతమని 2013లో నిరూపించాడు. 2014కల్లా మరికొందరు కలిసి ఆ 7 కోట్లను 246కు దించారు. అక్కణ్ణించి 2కు దారి లేదు.

మనమో? ఎదురింటి అబ్బాయి రెండుసార్లు పొద్దుపోయి ఇంటికొస్తే చాలు, చెడిపోయాడని తేల్చేస్తాం. సంబంధం చూసుకోడానికి వచ్చినవాళ్ల చెవిన ఆ మాట వేసి మరీ పంపిస్తాం. కోట్ల ఉదాహరణలున్నా అంకెల మీద చెప్పని తీర్పు, రెండు ఉదాహరణలతో మనిషి మీద చెప్పేస్తాం!

'రుజువు దొరికేదాకా కూర్చుంటే సంసారం నడుస్తుందా?' అంటారు. నడవదు. డాక్టరు పరీక్షలన్నీ పూర్తి కాకుండానే మందివ్వాల్సి రావచ్చు. గణితజ్ఞుల్లోనూ చాలామంది కవలలు అనంతమనే అనుకుంటారు. కాని 'నమ్ముతున్నాం' అంటారే తప్ప 'మాకు తెలుసు' అనరు. ఎదురింటి అబ్బాయి విషయంలో మనమూ ఆపాటి జాగ్రత్త పడితే, రేపు మాట వెనక్కి తీసుకోవడానికైనా వీలుంటుంది. ఈలోగా ఆ సంబంధం మాత్రం చెడదు.