పథ్యం ఎవరిది, ప్రాణం ఎవరిది

1902లో గాంధీ కుటుంబం బొంబాయిలో ఉండగా రెండో కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ వచ్చింది. దానికి న్యుమోనియా తోడైంది. రాత్రయితే పిల్లవాడు పలవరించేవాడు. చూడవచ్చిన పార్సీ డాక్టరు, మందులతో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు, కోడిగుడ్లూ కోడిమాంసం రసమూ పట్టిస్తే నిలదొక్కుకుంటాడు అన్నారు. మణిలాల్‌కు అప్పటికి పదేళ్లు. తాను వైద్యం చేసే హిందూ కుటుంబాల్లో చాలామంది ఇందుకు అడ్డుచెప్పడం లేదని కూడా ఆయన నచ్చజెప్పారు. గాంధీ ససేమిరా అన్నారు. ప్రాణం నిలుపుకోవడానికైనా కొన్ని పనులు చేయకూడదని ఆయన పట్టు. మనిషి ధర్మం ఏపాటిదో తేలేది ఇలాంటి గడియలోనే అని ఆయన వాదన.

ఇంతవరకూ ఇది ఒక మొండి తండ్రి కథ. దీన్ని ఇవాళ చెప్పుకోవలసి వస్తున్నది ఆ తర్వాత ఆయన చేసిన పని వల్ల. ఆయన డాక్టరును వెళ్లిపొమ్మనలేదు. నీటి వైద్యం చేసుకుంటాను, అయితే నాడి చూడటం, ఛాతీ పరీక్షించడం నాకు తెలియవు, మీరు అప్పుడప్పుడూ వచ్చి చూసి ఎలా ఉన్నాడో చెప్పండి అని బతిమాలారు. ఆ డాక్టరు ఒప్పుకున్నారు. తన సలహా చెల్లని ఇంటికి రోగి కోసం మళ్లీ మళ్లీ రావడానికి సిద్ధపడ్డ ఆయన పేరు గాంధీ తన ఆత్మకథలో రాయలేదు. రాసి ఉంటే బాగుండేది.

గాంధీ చేసిన వైద్యం జర్మనీలోని లైప్‌జిగ్‌కు చెందిన లూయీ కూనే పద్ధతి. తొట్టిలో కొద్ది నిమిషాల స్నానం, ఆహారంగా నీళ్లు కలిపిన నారింజ రసం. ఈ కూనే తెలుగువాళ్లకు కొత్తవాడేమీ కాదు. ఆయన పుస్తకాన్ని వేంకటాచలపతి శర్మ 1894లోనే తెలుగు చేశారు. మనదేశంలో ప్రకృతి వైద్యం చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా ఆ తెలుగు పుస్తకం దగ్గరే మొదలుపెడతారు. బొంబాయిలో మాత్రం జ్వరం దిగలేదు. 104 డిగ్రీలకు వెళ్లింది. లోకం ఏమంటుంది, అన్నగారు ఏమంటారు, ఇంకో డాక్టరును పిలవాలా, కన్నబిడ్డ మీద నా పిచ్చి నమ్మకాలు రుద్దే హక్కు నాకెక్కడిది అని ఆ తండ్రి మథనపడ్డారు. చివరికి ఒక రాత్రి తడి దుప్పటి పిండి పిల్లవాడికి చుట్టబెట్టి, భార్యకు అప్పగించి, చౌపాటీ వైపు రామనామం జపిస్తూ నడిచారు. తిరిగి వచ్చేసరికి మణిలాల్‌కు చెమటలు పట్టాయి. జ్వరం తగ్గుముఖం పట్టింది. ఆ తర్వాత నలభై రోజులు పాలు, పళ్ల రసాలే ఆహారం.

పిల్లవాడు బతికింది దైవకృప వల్లనా, నీటి వైద్యం వల్లనా, పథ్యం, శుశ్రూష వల్లనా అన్నది ఎవరు చెప్పగలరని గాంధీయే తర్వాత అడిగారు. మణిలాల్ గుడ్లు వద్దన్నాడని సంతోషించిన ఆయనే, తాను ఇచ్చి ఉంటే వాడు తినేవాడన్న సంగతినీ దాచలేదు. పదేళ్ల పిల్లవాడి ‘వద్దు’ తండ్రి గొంతులోంచే వస్తుంది. దాన్ని సమ్మతి అనడం కష్టం. రక్తం ఎక్కించుకోవడం తమ మతానికి విరుద్ధమనే యెహోవా సాక్షుల విషయంలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ కోర్టులు ఈ గీతే గీశాయి. పెద్దవాళ్లు తమకు రక్తం వద్దంటే వాళ్ల ఇష్టం. బిడ్డ ప్రాణం మీదికి వస్తే తల్లిదండ్రులు కాదన్నా రక్తం ఎక్కించమని ఆదేశిస్తాయి. ఆ గీత సరైనదే.

ఆహారం గురించి ఇళ్లలో జరిగే గొడవల్లో రెండు వేరు వేరు మాటలు కలిసిపోతుంటాయి. ‘ఇది నేను తినకూడదు’ అన్నది ఒకటి. ‘ఇది తింటే జబ్బు తగ్గుతుంది’ అన్నది మరొకటి. మొదటిది ధర్మానికి సంబంధించిన మాట. మాంసం తింటే బలం వస్తుందని వంద పరీక్షలు తేల్చినా, హింస కూడదనుకునే మనిషికి అది జవాబు కాదు. ఆ మాటను డాక్టరు ఖండించలేరు, ఖండించనూ అక్కర్లేదు. రోగి ఎత్తు, బరువు రాసుకున్నట్టే దాన్నీ రాసుకుని వైద్యం సాగించాలి. రెండోది పూర్తిగా లోకానికి సంబంధించిన మాట. దాన్ని థర్మామీటరు, తూకం, రక్తపరీక్ష తేల్చాలి. నమ్మకం ఎంత పవిత్రంగా అనిపించినా దానికి మినహాయింపు లేదు. మొదటి మాటకు ఉండే గౌరవాన్ని రెండో మాటకు అరువు తెచ్చుకున్నప్పుడే ప్రమాదం మొదలవుతుంది. అలాగే రెండో మాట తప్పని తేలగానే మొదటి మాటను కూడా మూఢత్వం కింద కొట్టిపారేసే డాక్టరు రోగిని పోగొట్టుకుంటారు.

డర్బన్‌లో అదే జరిగింది. 1909లో కస్తూర్బాకు శస్త్రచికిత్స చేసిన డాక్టరు, ఆమె మరీ నీరసించిపోవడంతో జోహాన్నెస్‌బర్గ్‌లో ఉన్న గాంధీకి ఫోన్ చేసి గొడ్డుమాంసం రసం ఇవ్వడానికి అనుమతి అడిగారు. ఆమెను అడగండి, ఆమె సరేనంటే ఇవ్వండి అన్నారు గాంధీ. రోగిని అడగడం నా పద్ధతి కాదన్నారు డాక్టరు. గాంధీ రైలెక్కి డర్బన్ చేరేసరికి తెలిసిందేమిటంటే, ఫోన్ చేసేటప్పటికే ఆ రసం పట్టించేశారు. ఇది మోసం కదా అంటే, ప్రాణం కాపాడటానికి రోగినీ బంధువులనూ మోసగించడం డాక్టర్లకు పుణ్యమేనని జవాబు వచ్చింది. అది దురుద్దేశంతో చేసింది కాదు, ఆయన నిజంగానే కస్తూర్బా బతకాలని కోరుకున్నారు. కానీ ఆ క్షణం నుంచి ఆ ఇంట ఆయన మాట చెల్లలేదు. గాంధీ ఈసారి భార్యనే అడిగారు. నేను వద్దన్నంత మాత్రాన నువ్వు కట్టుబడనక్కర్లేదని కూడా చెప్పారు. ఆమె వద్దంది. ఇంకా లేవలేని మనిషిని సన్నని వానలో రిక్షాలో స్టేషనుకూ, అక్కడి నుంచి రైలులో ఫీనిక్స్‌కూ తీసుకుపోయారు. మనువు మాంసం తప్పన్నాడా అని శ్లోకాలు వల్లించడానికి వచ్చిన ఒక స్వామిని ఆమె మంచం మీదనుంచే సాగనంపింది. ఆ నిర్ణయం వైద్యపరంగా తప్పో ఒప్పో గానీ, అది ఆమెది.

ఇంట్లో ఎదురు ప్రశ్న వేసేవాళ్లు ఉండటం వల్ల జరిగే మేలు గాంధీ జీవితంలో స్పష్టంగా కనిపించేది పాల విషయంలో. కలకత్తాలో పాలు బాగా పిండడానికి ఆవులను ‘ఫూకా’ పేరుతో హింసిస్తారని తెలిసి ఆయన పాలు మానేశారు. 1918లో విరేచనాలు పట్టుకుని మంచానపడ్డారు. 1919 మొదట్లో బొంబాయిలో డాక్టర్ దలాల్ శస్త్రచికిత్స చేశారు. పాలు లేకుండా మీ ఒళ్లు కోలుకోదు అన్నారు. పాలు ముట్టనని వ్రతం పట్టాను అన్నారు గాంధీ. ఎందుకు పట్టారని డాక్టరు అడిగారు. చిన్న ప్రశ్న, మనదేశంలో డాక్టర్లు రోగిని చాలా అరుదుగా అడిగే ప్రశ్న. ఫూకా సంగతి గాంధీ చెబుతుంటే మంచం పక్కన నిలబడి వింటున్న కస్తూర్బా అందుకుంది. మరి మేకపాలకేం అభ్యంతరం? డాక్టరు వెంటనే అదే చాలు అన్నారు. గాంధీ తాగారు. వ్రతంలో అక్షరం మిగిలింది, ఆత్మ పోయిందని జీవితాంతం బాధపడ్డారు. ఆ బాధ నిజమైనదే. కానీ రౌలట్ చట్టాల మీద పోరాటానికి ఆయన లేచి నిలబడటం వెనక ఆ ఒక్క ప్రశ్న, ఆ ఇల్లాలి మాట ఉన్నాయి.

పదేళ్లకు మళ్లీ ప్రయోగం. ఈసారి ప్రేరణ తెలుగు నేల నుంచి. 1929 వేసవిలో ఖద్దరు కోసం ఆంధ్ర పర్యటనలో ఉన్న గాంధీని రాజమండ్రికి చెందిన సుందరం గోపాలరావు పచ్చి ఆహారం వైపు మళ్లించారు. పొయ్యి మీద ఉడకని తిండి. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదంపప్పు, దంచిన పచ్చి ఆకుకూర, నిమ్మకాయ, తేనె. సబర్మతి ఆశ్రమంలో మరికొందరు ఆయనతో కలిశారు. ఏది ఎంత తింటున్నదీ, బరువెలా మారుతున్నదీ ‘యంగ్ ఇండియా’లో రాశారు. డాక్టర్లనూ, అనుభవం ఉన్నవాళ్లనూ తప్పులుంటే చెప్పమన్నారు. ఆగస్టుకల్లా విరేచనాలు మొదలై, మనిషి నీరసించి, మళ్లీ మేకపాలకు రావలసి వచ్చింది. ఆ సంగతీ అదే పత్రికలో రాశారు. ఆహారం గురించి ఉత్సాహంగా బోధించేవాళ్లు ఏ కాలంలోనైనా బోలెడంతమంది ఉంటారు. వికటించిన ప్రయోగాన్ని మొదలుపెట్టిన చోటే చాటిచెప్పినవాళ్లు మాత్రం చాలా కొద్దిమంది.

వైద్యశాలల మీద 1909లో ‘హింద్ స్వరాజ్’లో నిప్పులు చెరిగిన ఆయనే, 1924 జనవరిలో ఎరవాడ జైలు నుంచి పూనా ససూన్ ఆసుపత్రికి వెళ్లి, కర్నల్ మాడక్ చేత అపెండిక్స్ తీయించుకున్నారు. తన ఒంటి విషయంలో అలా పట్టు సడలించుకున్నారు.

అందుకే 1944 ఫిబ్రవరి మనసును కలచివేస్తుంది. పూనాలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉన్న కస్తూర్బా చివరి రోజుల్లో చిన్న కొడుకు దేవదాస్ పెనిసిలిన్ తెప్పించారు. అప్పట్లో అది దొరకడమే గగనం. కొద్ది గంటలకొకసారి సూది గుచ్చాలని తెలిసి గాంధీ వద్దన్నారు. ఇంక ఆమెను బాధపెట్టకు, దేవుడికి వదిలెయ్ అన్నారు. వాదన తండ్రీ కొడుకుల మధ్య నడిచింది. కొడుకు తగ్గాడు. 22న సాయంత్రం ఆమె కన్నుమూసింది. అప్పటికే అవయవాలు దెబ్బతిన్నాయి గనుక ఆ మందు ఆమెను బతికించి ఉండేదని ఎవరూ గట్టిగా చెప్పలేరు. కానీ ఆ సూది విషయంలో ‘కూడదు’ అన్న మాటా, ‘ఫలితం ఉండదు’ అన్న మాటా విడదీయరానంతగా కలిసిపోయాయి. డర్బన్‌లో ఆమెను అడిగిన ప్రశ్న పూనాలో వినిపించదు. కొన్ని వారాలకు గాంధీకి మలేరియా వచ్చినప్పుడు మొదట కాదన్నా చివరికి క్వినైన్ తీసుకున్నారు. ఆయనను అమితంగా గౌరవించేవాళ్లు కూడా ఈ రెండు సంఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడక తప్పదు.

ఇప్పుడు తెలుగు ఇళ్లలో ఈ ప్రశ్న వేరే గిన్నెల్లో ఉడుకుతోంది. ఒక ఇంట ఉప్పూ నూనే లేని కూర, ఒక ఇంట అన్నం బదులు చిరుధాన్యాల ప్రచారకుడు ఖాదర్ వలీ చెప్పిన కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, మరో ఇంట పిండిపదార్థం ముట్టని నెయ్యి, కొబ్బరినూనెల ఆహారం. మొదలుపెట్టిన మనిషి పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చోడానికి జంకుతారు. ‘నీకేమైనా పట్టిందా బాబూ’ అని మేనత్తలు అడుగుతారు. వీటన్నిటికంటే పెద్ద నష్టం డాక్టరు గదిలో జరుగుతుంది. ‘ఇంకేమైనా వాడుతున్నారా?’ అంటే ‘లేదండీ’ అనేస్తారు. పోయినసారి నవ్విన డాక్టరుకు ఈసారి నిజం చెప్పబుద్ధి కాదు.

ఆ ‘లేదండీ’ ఖరీదు చాలా ఎక్కువ. మధుమేహానికి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటూ ఒక పూట భోజనం మానేస్తే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. మరో షుగరు మాత్ర డాపాగ్లిఫ్లోజిన్ వాడుతూ పిండిపదార్థం పూర్తిగా ఆపేస్తే, మీటరులో షుగరు పెద్దగా పెరగకుండానే రక్తం ఆమ్లమయం కావచ్చు. గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఉన్నట్టుండి రోజూ పాలకూర రసం మొదలుపెడితే, అందులోని కె విటమిన్ మందును బలహీనపరుస్తుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు కొబ్బరినీళ్లలోని పొటాషియం గుండె మీదికి తెస్తుంది. జీవహింస కూడదని పాలు, పెరుగు సైతం వదిలినవాళ్లకు కొన్నేళ్లకు అరికాళ్లు తిమ్మిరెక్కితే అది బి12 లోపం కావచ్చు. మాత్రతో సరిపోయే దానికి వ్రతం వదలనక్కర్లేదు. ఎక్కువగా చిన్నతనంలో వచ్చే టైప్ 1 మధుమేహంలో మాత్రం బేరం లేదు. ఏ ఆహారమూ ఇన్సులిన్‌కు బదులు రాదు, ఆపితే కొద్ది రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పైవాటిలో చివరిది తప్ప ఏదీ నమ్మకం మానుకోమని చెప్పదు. చెప్పి చేయమంటుంది, అంతే.

చెప్పి చేసే దారి ఉందని రంజాన్ ఉపవాసాలు చూపిస్తున్నాయి. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మరో సంస్థతో కలిసి 2016లో ఇందుకోసం మార్గదర్శకాలు తెచ్చింది, 2021లో సవరించింది. ఉపవాసం ఉండాలా వద్దా అన్నది రోగి ధర్మమని ఒప్పుకుంటూనే, ఎవరికి ఎంత ప్రమాదమో అంచనా కడుతుంది. సహరీకి, ఇఫ్తార్‌కు మందులు ఎలా సర్దుకోవాలో చెబుతుంది. వేలు గుచ్చి షుగరు చూసుకుంటే రోజా భంగం కాదని తెలుపుతుంది. షుగరు 70 కంటే తగ్గినా, 300 దాటినా ఆ రోజుకు ఉపవాసం విరమించమంటుంది. ధర్మం ఎక్కడ ఆగుతుందో, కొలత ఎక్కడ మొదలవుతుందో అందులో కనిపిస్తుంది.

కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఒంటిపూట భోజనం చేసే షుగరు మనిషికీ, శ్రావణ శనివారాలూ ఏకాదశులూ తప్పని పెద్దావిడకూ ఇదే పద్ధతి సరిపోతుంది. మాల మెడలో పడకముందే, వాడుతున్న మాత్రల చీటీతో, ఇంట్లో అందరికంటే గట్టిగా వద్దంటున్న మనిషిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఉదయం మాత్ర భోజనం చేసే పూటకు మార్చాలా, మోతాదు సగం చేయాలా, ఏ అంకె దగ్గర స్వామికి దండం పెట్టి పానకం తాగేయాలి అని ముగ్గురూ ఉండగానే అడిగి రాయించుకోవాలి.