ఓడ పట్టీలో ఒక గడి

డర్బన్‌లో మా పక్కింటి పెద్దాయన రిటైరైన స్కూలు మాస్టారు. పేరు చివర నాయుడు అని ఉంటుంది. తెలుగులో "అవ్వ", "తాత" లాంటి నాలుగు మాటలు తప్ప రావు. ఇక్కడి అలవాటు ప్రకారం అంకుల్ అని పిలుస్తాను. ఒక ఆదివారం తాతగారి పాత పెళ్ళి సర్టిఫికెట్టు పట్టుకొచ్చి, "మా వాళ్ళ గురించి తెలుసుకోవాలి, ఎక్కడ మొదలుపెట్టను?" అన్నారు.

ఆ కాగితంతోనే మొదలుపెట్టాలి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ వచ్చింది మొదలు 1911 దాకా, ముఖ్యంగా చెరుకుతోటల కోసం, నాటాల్‌కి తెచ్చినవాళ్ళు 1,52,184 మంది. ఒక్కొక్కరికీ ఒక నంబరు. పాత జనన, వివాహ పత్రాల మీద అది తరచు కనిపిస్తుంది. నంబరు దొరికితే ఓడ పట్టీలో మనిషి దొరికినట్టే. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాణా, ఊరు, ఒంటి మీద మచ్చలు... అన్నీ ఉంటాయి. గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్న ఊరిపేర్లు మాత్రం కంటితో చదివితే తెలియవు, పైకి చదివి తెలుగు చెవితో వినాలి. నేను పనికొచ్చింది అక్కడే.

కొన్ని వారాలకి ముత్తాతగారి వరస దొరికింది. జిల్లా విశాఖపట్నం. ఊరు కూడా పోల్చుకున్నాం. ఆయన కళ్ళు చెమర్చాయి. తర్వాత వేలు కులం గడి మీద ఆగింది. "మాల" అని ఉంది. "దీని అర్థమేమిటి?" అన్నారు.

"గుమాస్తా పొరపాటేమో లెండి" అనేశాను.

పూర్తిగా అబద్ధం కాదు, పట్టీల్లో తప్పులుంటాయి. కానీ ఊరి దగ్గర నమ్మిన గుమాస్తాని కులం దగ్గర ఎందుకు నమ్మలేకపోయాను? ఆయన్ని నొప్పించకూడదని, అనుకున్నాను. ఆయనకి ఆ మాట ఒట్టి శబ్దం. దాని బరువంతా నా దగ్గరే ఉంది, మా ఊరి నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్నది.

ఒక మిత్రుడు, "సముద్రం దాటి వదిలించుకున్నదాన్ని మళ్ళీ ఎందుకు తగిలించడం?" అన్నాడు. కొట్టిపారేయలేని మాటే. ఆ ముత్తాత నిజంగానే వదిలించుకోవాలనుకున్నాడేమో! అయినా చెప్పాలో వద్దో, రాయాలో వద్దో ఆయన వారసులు తేల్చుకోవాలి. పట్టీ చదివిపెట్టడానికి వచ్చిన నాకేం హక్కుంది?

మర్నాడు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. అంటరానితనం, ఊరికి ఎడంగా పేట, విడిగా బావి.

"మా ముత్తాతని మీ ఇంట్లోకి రానిచ్చేవారా?"

"లేదంకుల్."

ఆయన కోప్పడలేదు. గ్రూప్ ఏరియాస్ చట్టం కింద 1960లలో ఇల్లు ఖాళీ చేయిస్తే చాట్స్‌వర్త్‌కి వచ్చిన కుటుంబం వాళ్ళది. మనుషుల్ని గడుల్లో రాయడం ఆయనకి కొత్త కాదు. నోటుపుస్తకం తీసి వరసంతా, ఆ గడితో సహా, ఎక్కించుకున్నారు.

"మరి మీ వంశం సంగతి?" అన్నారు. ఏడు తరాల పేర్లు గడగడా అప్పజెప్పాను. "వాళ్ళ పొలం ఎవరు దున్నారు?" అని అడిగారు మాస్టారు.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను. "పాలేళ్ళ పేర్లా? ఇప్పుడెందుకురా అవన్నీ?" అంది. కాసేపాగి రెండు పేర్లు చెప్పింది. ఇంటిపేర్లు ఎప్పుడూ అడగలేదట.