ఒక చేయి ఓడకు



పెద్దపల్లికి సముద్రము బహుదూరము. మనమెరిగిన నీరు గోదావరి, మానేరు, ఊరి చెరువు, పొలముకాలువ. కావున నేను ఓడలను గూర్చి వ్రాయబూనుట నీకు వింతగా తోచవచ్చును. అయినను నీ యింట ఎదుగుచున్న కుమారునో కుమార్తెనో తలంచుకొని చదువుము.

మన నౌకాదళమునకు తరంగిణి అను తెరచాపల ఓడ కలదు. అది గోవాలో కట్టబడి 1997లో సేవలో ప్రవేశించెను. పొడవు 54 మీటర్లు, స్తంభములు మూడు, తెరచాపలు 20. 2003, 2004 సంవత్సరములలో అది భూగోళమును చుట్టి వచ్చెను. దానిలో యంత్రములు లేకపోలేదు. అయినను అధికారులు కాబోవు యువజనులచేత స్తంభములు ఎక్కించి, మోకులు లాగించి, రాత్రులు వంతులవారీగా కావలి కాయించుచున్నారు. రేపు వారు పనిచేయవలసినది యంత్రపు ఓడలలోనే గదా! మరి అరచేతులు కాయలు కాయు ఈ పని యేల?

ఈ ప్రశ్న మన యిండ్లలోనిదే. “నేను పడిన పాట్లు నా బిడ్డ పడకూడదు” అనని తండ్రి మన ఊళ్లలో కలడా? ఎండలో నాట్లు వేసి ఆ కూలితో చదువు చెప్పించు తల్లిది ప్రేమ కాదని యెవడు చెప్పగలడు? బిడ్డలకు కష్టము తెలియవలెనని బోధించువారు తరచుగా నీడను కూర్చున్నవారే. కష్టము దానంతట అదియే మనుష్యుని మంచివానిగా చేయునేని, మన కూలిజనమంతయు ఇప్పటికే మహాత్ములై యుండవలెను. కొందరు అట్లున్నారు, కొందరిని అది విరిచివేసినది.

అయితే ఓడలో నేర్పునది కష్టమును మాత్రమే కాదు. పూర్వము కళ్ళములో తూర్పారబట్టిన పెద్దలను అడిగి చూడుము. చేట నిండ ధాన్యము ఎత్తి పట్టుకొని గాలికొరకు నిలిచిన దినములు వారికి జ్ఞాపకముండును. గాలి మన పిలుపునకు రాదు. వచ్చినప్పుడు ఏ వైపు నిలువవలెనో తెలిసికొనుట మాత్రము మన పని. తెరచాపల ఓడయు అట్టిదే. అది గాలికి తిన్నగా ఎదురు పోలేదు. వంకరటింకరగా, ఇటు కొంత అటు కొంత పోయి, గాలి వచ్చు దిక్కుననున్న రేవునే చేరును. మీట నొక్కువానికి ఈ సంగతి తెలియకుండనే బ్రదుకు గడచిపోవును.

అందుచేత ఏ కష్టమైనను మంచిదే యనరాదు. జర్మను దేశపు పామీరు అను ఓడ యువకులకు పని నేర్పుచు సరకులను కూడ మోయుచుండెను. 1957 సెప్టెంబరు 21న అది అట్లాంటిక్ తుపానులో మునిగెను. అందున్న 86 మందిలో ఆరుగురే బ్రదికిరి. అది మోయుచున్నది బార్లీ గింజలు; వాటిలో ఎక్కువ భాగము బస్తాలలో కట్టక విడిగా పోసిరి. ఓడ ఒరిగినప్పుడు గింజలు ఒక ప్రక్కకు జారెను. బండిమీద వడ్లు వేయువానికి దీనిని వివరింపనక్కరలేదు. పౌలు ఎక్కిన ఓడలోను గోధుమలే యుండెను. అక్కడనైతే ప్రాణములకొరకు వాటిని సముద్రములో పారబోసిరి.

నావికులలో పాతమాట యొకటి కలదు: ఒక చేయి ఓడకు, ఒక చేయి నీకు. పైకెక్కినవాడు ఒక చేతితో పనిచేయుచు, రెండవ చేతితో తన్ను తాను పట్టుకొనవలెను. ఆ రెండవ చేయి స్వార్థమని నేను మొదట తలంచితిని. ఇప్పుడట్లు తలంచను. పడిపోయినవాడు ఓడకేమి చేయగలడు? బిడ్డను కష్టమునకు పంపు పెద్దలు ఆ రెండవ చేతిని కూడ వానికి నేర్పిరా? తామును అదే మోకును పట్టిరా? నీ బిడ్డ “వెళ్లుదును” అన్న దినమున నీవు విచారింపవలసినవి ఇవియే.

2017 సెప్టెంబరు 10న తారిణి అను చిన్న తెరచాపల నావలో ఆరుగురు నౌకాదళ స్త్రీలు గోవానుండి బయలుదేరిరి. వారిలో విశాఖపట్టణపు స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మన తెలుగు పిల్లలే. భూగోళమును చుట్టి 2018 మే 21న వారు గోవాకు తిరిగి వచ్చిరి. అన్ని నెలలు ఆ యిండ్లలో తలుపు చప్పుడైనప్పుడెల్ల ఎవరో ఒకరు లేచి చూచియే యుందురు.